రాడ్డు కొనేముందు ఎర గురించి ఆలోచించండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో, సెలవులకు సముద్రం ఒడ్డుకు వెళ్లి గాలం వేయడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయానికి అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. అయితే అందులో సగానికి పైగా రాడ్ల పొడవు, రీళ్ల సైజులు, రంగురంగుల ప్లాస్టిక్ ఎరల గురించే ఉంది. గాలానికి ఏం గుచ్చాలి, ఎలా గుచ్చాలి, ఎండలో దాన్ని పాడవకుండా ఎలా ఉంచాలి అన్నవాటికి రెండు వాక్యాలు మాత్రమే దక్కాయి. నేను రిటైర్డ్ నర్సును. చిన్నప్పుడు మా నాన్న పక్కన నిలబడి ఒడ్డు నుంచి గాలం వేయడం నేర్చుకున్నాను, ఇప్పుడు మా మనవరాలికి నేర్పుతున్నాను. ఆ వ్యాసం చదివి సామాన్లు కొనడానికి బయల్దేరే కుటుంబాలను తలచుకుని ఇది రాస్తున్నాను.

చాలామంది ముందు రాడ్డు కొంటారు. దానికి తగ్గ రీలు, ఆ రీలు నిండా దారం, ఆ తర్వాత చేతికి దొరికిన గాలాలు, సీసపు బరువులు. ఒడ్డుకు చేరాక ఎర ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటారు. ఈ వరస తిరగేయాలి. మొదట అడగాల్సిన ప్రశ్న, ఆ ఒడ్డున చేపలు ఏం తింటున్నాయని. అదే మీ ఎర. ఆ ఎర ముక్క ఎంత ఉంటుందో చూసి గాలం సైజు, అలల బలం చూసి సీసం బరువు నిర్ణయించుకోవాలి. ఆ బరువును భద్రంగా విసరడానికి ఎలాంటి దారం, ఎలాంటి రాడ్డు కావాలో అప్పుడు దానంతట అదే తేలిపోతుంది. ఇలా చేస్తే పెట్టెలో సామాన్లు సగానికి తగ్గుతాయి, చేప పడే అవకాశం మాత్రం పెరుగుతుంది.

చేరిన రోజే విసరాలని తొందర వద్దు. నీళ్లు బాగా వెనక్కి తగ్గిన వేళ ఒడ్డు పొడవునా ఒకసారి నడవండి. ఇసుక మేటలు ఎక్కడున్నాయి, వాటి మధ్య గుంటలు ఎక్కడున్నాయి అన్నది అప్పుడు బాగా కనబడుతుంది. పోటు వచ్చాక అవన్నీ నీటి కిందికి వెళ్లిపోతాయి. అయినా గుర్తుపట్టవచ్చు. మేట మీద అల విరిగి తెల్లగా నురగ కడుతుంది, గుంట మీద విరక్కుండా ముదురు రంగులో సాగిపోతుంది. చేపలు ఎక్కువగా తిరిగేది ఆ ముదురు నీళ్లలోనూ వాటి అంచుల్లోనూ. అలలు ఇసుకను కెలికి లేపిన పురుగులు, చిన్న పీతలు, రొయ్యపిల్లలు కొట్టుకొచ్చి చేరేది అక్కడికే. చాలా ఒడ్డుల్లో మొదటి గుంట నీటి అంచుకు 20, 30 మీటర్ల లోపే ఉంటుంది. వంద మీటర్లు విసిరే రాడ్డు ఉంటే గొప్ప అనుకునేవాళ్లు ఈ గుంటను దాటించి విసురుతారు. వాళ్ల ఎర చేపలు లేని మేట మీద పడుతుంది.

ఇక ఎర. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇంటి దగ్గర నుంచి ఎర మోసుకెళ్లకండి, ఆ ఒడ్డున దొరికేదే వాడండి. అక్కడి చేపలకు అలవాటైన తిండి అదే కాబట్టి పని చేస్తుందన్నది ఒక కారణం. రెండోది అంతకంటే పెద్ద కారణం. వంటకని కొన్న పచ్చి రొయ్యలు వేరే దేశం నుంచో వేరే తీరం నుంచో వచ్చి ఉండవచ్చు. వాటిలో వైట్ స్పాట్ వైరస్ ఉంటే, తిన్న మనకు ఏమీ కాదు కానీ నీళ్లలో పడితే అక్కడి రొయ్యలకు, పీతలకు అంటుకుంటుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా ఆ వైరస్ చావదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లోగన్ నది పక్కన రొయ్యల చెరువులు 2016లో ఈ జబ్బుతో దెబ్బతిన్నాయి. అది ఎలా వచ్చిందన్నది ఖాయంగా తేలకపోయినా, వంట కోసం అమ్మే రొయ్యలను గాలానికి గుచ్చవద్దని అక్కడి అధికారులు ఇప్పటికీ జనానికి చెబుతూనే ఉన్నారు. వైట్ స్పాట్ అంటే ఏమిటో చెరువులు ఉన్న ఏ కుటుంబానికీ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒడ్డున దొరికే ఎర ఏమిటని అడిగితే, వలలు లాగేవాళ్ల దగ్గరికి వెళ్లి వలలో చిన్నవి ఏం పడ్డాయో చూడమంటాను. పెద్ద చేపను కోస్తున్నవాళ్లు కనబడితే దాని కడుపులో ఏముందో అడగండి. సమాధానం చెప్పడానికి వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు, మీకు సగం పని అయిపోతుంది. ఎవరూ లేని ఒడ్డయితే అల వెనక్కి వెళ్తున్నప్పుడు తడి ఇసుక మీద చూడండి. నీళ్లు జారిపోతున్న చోట చిన్న చిన్న బాణం గుర్తులు గుంపుగా కనబడతాయి. వాటి కింద బొటనవేలంత పీతలు ఉంటాయి. అవి ఇసుకలోకి వెనక్కి దూరి, మీసాలు మాత్రం బయట పెట్టి, అల తెచ్చే తిండిని పట్టుకుంటాయి. రెండు చేతులతో ఇసుక తోడితే దొరుకుతాయి. ఒడ్డు దగ్గర తిరిగే చేపలు వీటిని వదలవు. ఆ పూటకు సరిపడా తీసుకుని మిగతావి అక్కడే వదిలేయండి.

రొయ్యను గుచ్చే పద్ధతిలోనే చాలామందికి ఎర పోతుంది. నడుం మధ్యలో ఒక్క పోటు పొడిచి విసిరితే రొయ్య గాల్లోనే ఊడిపోతుంది. తోక కొనను గిల్లేయండి, అక్కడి నుంచి గాలాన్ని ఒంటి లోపల పొడవునా ఎక్కించి పొట్ట వైపు బయటకు తీయండి. గాలం కొన తప్పకుండా బయటికే ఉండాలి. చిన్న పొలుసు చేపలు ఎరను కొరుకుతూ ఇబ్బంది పెడుతుంటే పెంకు తీయకుండా వాడండి. పెద్ద రొయ్య అయితే రెండు మూడు ముక్కలు చేసుకోండి. గుప్పెడంత ఎర పెడితే పెద్ద చేప పడుతుందన్న నమ్మకం బలంగా ఉంది కానీ, ఒడ్డు దగ్గర తిరిగే చేపల్లో చాలావాటి నోరు చిన్నది. అవి చుట్టూ కొరికి పోతాయి, గాలం దాకా రావు.

చేప ముక్కను ఎరగా పెడితే తోలు తీయకండి. చూపుడు వేలంత వెడల్పు, దానికి రెండింతల పొడవున్న పట్టీలుగా కోసి, ఒక చివర తోలు వైపు నుంచి గుచ్చి రెండో చివర వదిలేస్తే అది నీళ్లలో ఆడుతుంది. మెత్తటి చేప కంటే నూనె ఎక్కువున్న చేప వాసన దూరం పోతుంది. స్క్విడ్ ముక్క గట్టిగా ఉంటుంది, ఎంత అల కొట్టినా ఊడదు. పిల్లల గాలానికి అది ఉత్తమం, మాటిమాటికీ మార్చే పని ఉండదు. మెత్తటి ఎరను గాలానికి కట్టడానికి సన్నని సాగే దారం దొరుకుతుంది. నాలుగు చుట్లు చుట్టి లాగి తెంపితే చాలు, ముడి అక్కర్లేదు. ఈ చిన్న దారపు ఉండ నా పెట్టెలో అన్నిటికంటే విలువైన వస్తువు.

ఎరను చల్లగా ఉంచాలని అందరికీ తెలుసు. కరిగిన ఐసు నీళ్లలో నానితే అది పాడవుతుందని మాత్రం తక్కువమంది గమనిస్తారు. మంచినీళ్లు తగిలితే రొయ్య, స్క్విడ్ తెల్లబడి మెత్తబడతాయి, వాసన పోతుంది. గట్టిగా మూత పడే డబ్బాలో పెట్టి ఆ డబ్బాను ఐసులో పెట్టండి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే పిండిలా విడిపోతుంది. మిగిలిపోయేలా ఉంటే ముక్కలు చేసి, కల్లుప్పు బాగా పట్టించి, ఊరిన నీళ్లు వంచేసి, రాత్రంతా చల్లటి చోట ఉంచండి. ఉప్పు నీటిని లాగేస్తుంది కాబట్టి కండ గట్టిపడి మర్నాడు గాలాన్ని పట్టుకుని ఉంటుంది. నీళ్లలో వేసిన ఎరను పావుగంట, ఇరవై నిమిషాలకోసారి తీసి చూసుకోవాలి. ఉత్త గాలం ముందు గంటలు గంటలు కూర్చున్న కుటుంబాలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ప్లాస్టిక్, లోహపు ఎరలకు నేను వ్యతిరేకం కాదు. చిన్న చేపలు గుంపుగా నీటి పైకి ఎగురుతూ, పక్షులు వాటి మీద వాలుతూ ఉంటే 20 నుంచి 40 గ్రాముల మెరిసే స్పూను (చెంచాలాంటి లోహపు ఎర) విసిరి లాగినంత ఆనందం ఇంకోటి లేదు. అలాంటివి ఒకటి రెండు చాలు. పెట్టె నిండా అవసరం లేదు.

గాలం అంకెలు కొత్తవాళ్లను తికమక పెడతాయి, మీ వ్యాసం కూడా ఆ పని చేసింది. 6, 4, 2, 1 అని అంకె తగ్గేకొద్దీ గాలం పెద్దదవుతుంది. ఒకటి దాటాక పక్కన సున్నా చేరి 1/0, 2/0, 3/0 అని వస్తుంది, అక్కడి నుంచి అంకె పెరిగేకొద్దీ పెద్దది. రొయ్య ముక్కకు, ఇసుక పీతకు 4 నుంచి 1 దాకా సరిపోతాయి. చేప ముక్కకు 2/0 నుంచి 4/0. ఈ రెండు రకాలు ఉంటే సెలవులు గడిచిపోతాయి. కంపెనీని బట్టి ఒకే అంకె కాస్త చిన్నా పెద్దా ఉంటుంది కాబట్టి అంకెను నమ్మేకంటే ఎర పక్కన పెట్టి చూసుకోవడం మేలు.

గాలం ఆకారం గురించి నర్సుగా ఒక మాట చెప్పాలి. కొన లోపలికి తిరిగి దాదాపు గుండ్రంగా ఉండే సర్కిల్ హుక్ కొనండి. చేప ఎరను నోట్లో పెట్టుకుని పక్కకు తిరిగి వెళ్తుంటే ఇది జారి వచ్చి పెదవి మూలలో దిగుతుంది. గొంతులోనో కడుపులోనో దిగడం అరుదు. వదిలేయాల్సిన చిన్న చేపను బతికించి వదలగలుగుతాం. ఒకటే షరతు, దారం కదలగానే రాడ్డును ఝాడించి లాగకూడదు. నిదానంగా రీలు తిప్పుతూ దారం బిగించాలి, అంతే. పిల్లలకు ఇదే సులువు కూడా. ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. జపాన్‌లోని ఓకినావా ద్వీపంలో ఒక గుహలో దొరికిన, దాదాపు 23,000 ఏళ్ల కిందట సముద్రపు నత్త పెంకుతో చేసిన గాలం కూడా ఇలాగే లోపలికి వంగి ఉంటుంది. పసిఫిక్ దీవుల వాళ్లు ఎముకతోనూ పెంకుతోనూ ఇలాంటివే చేసుకునేవారు.

కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ప్లయర్‌తో నొక్కేసి వాడమని నా సలహా. దారం బిగువుగా ఉంచితే చేప తప్పించుకోదు. వేలిలో గుచ్చుకున్న గాలంతో ఆస్పత్రికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ముల్లు నొక్కిన గాలం వచ్చిన దారినే బయటికి వస్తుంది. ముల్లు ఉన్నది లోపలికి దిగితే లాగకండి, దారం కత్తిరించి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కంటి దగ్గరైతే తాకనే వద్దు. ధనుర్వాతం ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో బయల్దేరేముందే చూసుకోండి.

సీసం బరువు దగ్గర మీ వ్యాసంలో పెద్ద లోటు కనబడింది. 100 గ్రాముల పైన బరువు విసరమన్నారు, లీడర్ సంగతి చెప్పలేదు. విసిరే ఊపులో సీసం బరువు దారం మీద ఎన్నో రెట్లు పడుతుంది. సన్నని దారం అక్కడే తెగితే ఆ సీసం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. సెలవుల్లో ఒడ్డు నిండా పిల్లలుంటారు. అందుకే రీలు దారం చివర లావుపాటి దారం ముక్క కలపాలి, దాన్నే షాక్ లీడర్ అంటారు. లెక్క తేలిక. ఔన్సు సీసానికి 10 పౌండ్ల బలం, అంటే 28 గ్రాములకు నాలుగున్నర కిలోలు. 110 గ్రాముల సీసానికి 18 కిలోలు ఆగే లీడర్ కావాలి. పొడవు రాడ్డుకు రెండింతలు, ఆ పైన రీలు మీద నాలుగైదు చుట్లు పడేంత. విసిరే ముందు వెనక్కి తిరిగి చూడటం ఎలాగూ తప్పదు. ఈ ఒక్క విషయమైనా మీ పత్రికలో విడిగా వేయమని చేతులు జోడించి అడుగుతున్నాను.

అలలు నెమ్మదిగా ఉంటే 30 నుంచి 60 గ్రాములు చాలు, బలంగా ఉంటే 85 నుంచి 115. ఆకారం కూడా ముఖ్యం. గుండ్రని సీసం అలతో పాటు దొర్లి పక్కవాళ్ల దారాల్లో చిక్కుకుంటుంది. పిరమిడ్ ఆకారంలో ఉన్నది ఇసుకలో దిగబడి నిలుస్తుంది. పక్క వాటం, అంటే ఒడ్డు వెంట నీళ్లు లాగే వేగం, ఇంకా ఎక్కువుంటే తీగ కాళ్లున్న సీసం వాడాలి. చిన్న సీసపు గుండ్లను పళ్లతో నొక్కి బిగించే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానండి. సీసం విషం. పిల్లలు ముట్టుకుంటే తినేముందు సబ్బుతో చేతులు కడిగించండి. బ్రిటన్‌లో హంసలు వీటిని మింగి చనిపోతున్నాయని 1987 నుంచి చిన్న సీసపు బరువుల అమ్మకమే ఆపేశారు.

ఇంత తేలాక రాడ్డు ఎంచుకోవడం రెండు నిమిషాల పని. పిడికి పైన అది ఎన్ని గ్రాములు విసరగలదో రాసి ఉంటుంది, మీ సీసం, ఎర కలిపిన బరువు ఆ హద్దుల మధ్య ఉండాలి. 12, 13 అడుగుల రాడ్డు పెద్ద అలల మీదుగా దారాన్ని ఎత్తి ఉంచడానికి మంచిదే. కానీ దాన్ని గంటల తరబడి విసరడానికి భుజబలం కావాలి. మా ఇంట్లో నేను, మా కోడలు వాడేవి 10 అడుగులవి, మనవరాలిది 8. ఎవరి చేతికి తగ్గది వాళ్లకు ఉంటే ఇంట్లో అందరూ గాలం వేస్తారు. లేకపోతే మగవాళ్లు వేస్తుంటే మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాలి. రీలు 5000 సైజుది, 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం 200 మీటర్లు పట్టేది అయితే చాలు. బ్రెయిడ్ అనే అల్లిన దారం సన్నగా ఉండి వాటానికి తక్కువ కొట్టుకుపోతుంది, నిజమే. కానీ చిక్కుపడితే విప్పడం కష్టం, వేళ్లు కోస్తుంది. నేర్చుకునేవాళ్లకు నైలానే మంచిది. రీలు బిగువు దారం బలంలో మూడో వంతు మించకుండా పెట్టుకోండి. సాయంత్రం మంచినీళ్లు సన్నగా పోసి కడగండి. పైపుతో గట్టిగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది.

పెట్టెలో ఇంకా పొడుగు ముక్కు ప్లయర్, కత్తెర, తలకు పెట్టుకునే లైటు, థర్మామీటరు ఉండాలి. థర్మామీటరు ఎందుకో చెబుతాను. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా, నీళ్లలో నడుస్తూ టేకు చేపను (స్టింగ్‌రే) తొక్కి దాని తోక ముల్లు దిగినా నొప్పి భరించలేం. ఆ విషం వేడికి బలహీనపడుతుంది. దెబ్బ తగిలిన చోటును 45 డిగ్రీల సెల్సియస్ దాటని వేడి నీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడి ఎంతో థర్మామీటరుతో కొలిచి, దెబ్బ తగలని చేత్తో కూడా చూడాలి, ఎందుకంటే నొప్పిలో ఉన్న చెయ్యికి కాలుతున్నా తెలియదు. ఆ తర్వాత ఆస్పత్రికి. నీళ్లలో అడుగులు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే టేకు ముందే తప్పుకుంటుంది. ఉరుము వినబడితే రాడ్లు కింద పెట్టి ఒడ్డు వదిలేయండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి రావద్దు. కార్బన్ రాడ్డు గుండా కరెంటు పారుతుంది. తెగిన దారాన్ని ఇసుకలో వదలకుండా జేబులో వేసుకుని, చిన్న ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయండి. పక్షుల కాళ్లకు చుట్టుకుంటే అవి ఎగరలేవు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు రోజూ వేస్తున్నారు. వాటి పక్కన ఆటుపోట్ల వేళలు కూడా వేయండి. చాలా తీరాల్లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. నిన్న పొద్దున చేపలు పడ్డాయని ఈరోజు అదే గంటకు వెళ్తే నీళ్లు అంతే ఉండవు. పోటు నిండే చివరి రెండు గంటలు, తగ్గడం మొదలైన తొలి గంట ఒడ్డు నుంచి గాలం వేయడానికి మంచి సమయం. అది తెల్లవారుజామునో సాయంత్రమో పడితే ఇంకా మంచిది. అమావాస్యకు, పౌర్ణమికి అటూ ఇటూ పోటు పెద్దది, వాటం బలం, అప్పుడు బరువైన సీసం కావాలి. అష్టమి రోజుల్లో తక్కువ. వేళతో పాటు నీటి ఎత్తు కూడా మీటర్లలో ఇస్తే, ఏ సీసం సర్దుకోవాలో, పిల్లలను ఎంత దూరంలో కూర్చోబెట్టాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోవచ్చు. నాలుగు అంకెలు, రెండు గీతల చోటు పడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు (రిటైర్డ్ నర్సు)